చెరువును పడుకోబెట్టడం: ఒకే బొమ్మ, తొమ్మిది తరగతులు

నేను ఎర్ర పెన్నుతో దిద్దిన బొమ్మ ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూడో తరగతి పిల్లవాడు గీసిన చెరువు అది. కాగితం మధ్యలో గుండ్రంగా నీలం రంగు, దాని చుట్టూ నాలుగు దిక్కులా తాటిచెట్లు. పైవైపు చెట్లు నిలబడ్డాయి. ఎడమ, కుడి పక్కల చెట్లు అడ్డంగా పడుకున్నాయి. కిందివైపు చెట్లు తలకిందులుగా ఉన్నాయి. ఆ తలకిందుల చెట్లను కొట్టేసి, పక్కనే ఒక తాటిచెట్టును నా చేత్తో గీసి, ‘చెట్లు ఇలా ఉంటాయి’ అని రాశాను. ఆ ఏడాదంతా ఆ పిల్లవాడు గీసిన చెరువులకు ఒక్క వైపే చెట్లున్నాయి, మిగతా మూడు దిక్కులూ ఖాళీ.

అది నేను చేసిన తప్పు అని తెలియడానికి ఏడాది పట్టింది. ఎందుకు తప్పో అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈ కేస్ స్టడీ ఆ రెండేళ్ల సంగతి.

బడి, చెరువు, నా పీరియడ్లు

హనుమకొండ నుంచి ములుగు పోయే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు మాది. ఒకే ప్రహరీలో ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల రెండూ ఉన్నాయి. నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. టైంటేబుల్ ప్రకారం ఆరు నుంచి తొమ్మిది వరకు తరగతికి వారానికి ఒక పీరియడు, 45 నిమిషాలు. ప్రైమరీ పిల్లలకు బొమ్మలు నేర్పే టీచర్ లేరు. అక్కడి హెడ్మాస్టర్ గారు అడిగితే శనివారం మధ్యాహ్నాలు వెళ్లడం మొదలుపెట్టాను. అలా ఆరేళ్ల పిల్లల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల దాకా అందరి బొమ్మలూ ఒకే వారంలో నా బల్ల మీదికి రాసాగాయి. 2022 జూన్ నుంచి 2025 ఏప్రిల్ వరకు, మూడు విద్యా సంవత్సరాలు ఇలా నడిచింది.

మొదటి ఏడాది నేను నేర్చుకున్న పద్ధతిలోనే నేర్పాను. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు మేము ఎలా తయారయ్యామో ఆ వరుసే నాకు తెలుసు. ఒకటో తరగతికి మామిడిపండు, మూడుకు గుడిసె, ఆరుకు సీనరీ, ఎనిమిదికి కుండ మీద షేడింగు, తొమ్మిదికి ముఖం. తరగతి పెరిగితే బొమ్మ కష్టం కావాలన్నది నా లెక్క. బోర్డు మీద నేను గీస్తాను, వాళ్లు చూసి దింపుతారు. సీనరీ అంటే రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. మా చుట్టుపక్కల ఉన్నవన్నీ బండరాళ్లు పేర్చినట్టుండే గుట్టలు, త్రికోణం కొండ ఒక్కటీ లేదు. కొబ్బరితోట లేదు, ఉన్నవన్నీ తాళ్లు, ఈదులు, అంటే తాటిచెట్లు, ఈతచెట్లు. అయినా ఏడాది చివర అన్ని తరగతుల కాగితాలూ ముందు వేసుకుంటే ఎక్కడ చూసినా ఆ కొండలే. ఆ పిల్లల కళ్లు ఏం చూశాయో నాకు ఒక్క కాగితంలోనూ కనిపించలేదు.

రెండో ఏడాది దాన్ని తిరగేశాను. బొమ్మ మార్చకుండా తరగతులు మార్చి చూద్దామనుకున్నాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా అందరికీ ఒకటే విషయం: మన ఊరి చెరువు. జూన్‌లో ఒకసారి, దసరా తర్వాత ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి ఎవరి చెరువు వాళ్లు గీయాలి. మధ్య నెలల్లో ఆ తరగతికి ఏది అవసరమో అది నేర్పాలి.

చెరువునే ఎందుకు ఎంచుకున్నానో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలపు చెరువుల నీళ్లు తాగిన నేల ఇది. మా పిల్లల్లో చెరువు తెలియనివాళ్లు లేరు. బర్రెలు ఈదేది అందులోనే, బతుకమ్మను సాగనంపేది అందులోనే. మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఊరంతా చూడటానికి పోతుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసి నల్లమట్టిని పొలాలకు తోలినప్పుడు జేసీబీలను, ట్రాక్టర్లను చూసిన అన్నలు, అక్కలు హైస్కూల్లో ఉన్నారు. చెరువు గురించి మాటలు నేను అందించాల్సిన పని లేదు. తూము, కట్ట, శిఖం (చెరువు లోపలి నేల), మత్తడి, అన్నీ వాళ్ల నోటనే వచ్చాయి.

ఒకటి, రెండు: కాగితం కన్నా ముందు మట్టి

జూన్‌లో ఒకటో తరగతికి కాగితం, క్రేయాన్లు ఇచ్చి చెరువు గీయమన్నాను. చాలామంది గీతల మీద గీతలు చుట్టారు. కొందరు చుట్టడం అయిపోయాక ‘ఇది చెరువు’ అని పేరు పెట్టారు. పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో 1947లో కళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ మెట్లు మెట్లుగా రాశారు. ఆ లెక్కలో ఈ గీతల చుట్టుడు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా ఉండే దశ. మా పిల్లలకు ఆరేళ్లు. ఇందులో కంగారు పడాల్సింది లేదు, చాలామంది చేతికి క్రేయాన్ రావడం అదే మొదటిసారి. మెట్లు నిజమే గాని మెట్టు మెట్టుకూ రాసిపెట్టిన వయసును గోడ గడియారంలా చూడకూడదని నా అనుభవం. చేతికి పని దొరికితే ఆరేళ్ల పిల్లలు రెండు మూడు నెలల్లోనే ఆ దశ దాటారు.

ఆ పని మట్టితో దొరికింది. శిఖంలో నల్లమట్టి రెండు బస్తాలు తెప్పించాం. నల్లమట్టి ఒక్కటే అయితే ఎండగానే పగులుతుంది, కొంచెం ఇసుక, కొంచెం ఊక కలిపి పిసికాం. వరండాలో నలుగురికి ఒక చెరువు. గుంత చేశారు, చుట్టూ కట్ట పోశారు, చెంబుతో నీళ్లు పోశారు. అన్ని కట్టలూ కారిపోయాయి. ‘తొక్కాలె టీచర్, మా తాత కట్ట తొక్కుతడు’ అని ఒకడు చెప్పాక అందరూ బొటనవేళ్లతో ఒత్తడం మొదలుపెట్టారు. ఒక పాప కట్ట మీద చిన్న రాయి నిలబెట్టి, మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గరికి ఉరికి పసుపు తెచ్చి రుద్దింది. కట్ట మైసమ్మ, చెరువు కట్టను కాచే దేవత. నేను చెప్పని వివరం అది, నాకు తోచని వివరం కూడా.

తర్వాతి వారం సుద్దముక్కతో నేల మీద, బాగా పెద్దగా. భుజం నుంచి చేయి తిరిగేంత పెద్ద చెరువు గీయమన్నాను. ఆ తర్వాతే మళ్లీ కాగితం. దసరా తర్వాత గీసిన చెరువులకు అంచు వచ్చింది. చేయి ఒకసారి కట్ట చుట్టూ తిరిగొచ్చాక కాగితం మీద కూడా గీత తిరిగొచ్చి మొదటి చోట కలిసింది. పిల్లలకు ఆకారం కంటి కన్నా ముందు చేతికి తెలుస్తుందని నాకు ఇక్కడే అర్థమైంది. చిన్న తరగతుల్లో మట్టిని మురికి అని దూరం పెట్టే బడులను చూస్తే నాకు బాధేస్తుంది.

రంగుల దగ్గర రెండో తరగతి పిల్లలు నన్ను సరిచేశారు. నేను నీలం క్రేయాన్ తీస్తే ‘చెరువు నీలముండది టీచర్, వానలల్ల ఎర్రగుంటది’ అన్నారు. నిజమే కదా! ఆ రోజు నుంచి ఇంట్లో దొరికే రంగులతో పనిచేశాం. జాజు (ఎర్రమట్టి రంగు), పసుపు, పొయ్యి బొగ్గు, బట్టలకు పెట్టే నీలిమందు. పసుపు నీళ్లలో కొంచెం తమలపాకు సున్నం కలిపితే ఎర్రగా మారడం చూసి తరగతి మొత్తం లేచి నిలబడింది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు, కంట్లో పడితే ప్రమాదం. నేనే కలిపి చూపించాను.

మూడు నుంచి అయిదు: పడుకున్న చెట్లు

ఎర్ర పెన్ను బొమ్మ గీసిన పిల్లవాడు రెండో ఏడాది నాలుగుకు వచ్చాడు. ఆ తరగతిలో మరో నలుగురైదుగురు అచ్చం అలాగే గీశారు. మధ్యలో నీళ్లు, నాలుగు వైపులా బయటికి ఒరిగిన చెట్లు. ఈసారి పెన్ను తీయకుండా ఒక అమ్మాయిని ‘నువ్వు ఎక్కడ నిలబడి చూసినవు?’ అని అడిగాను. ఆమె కాగితాన్ని నేల మీద పెట్టి దాని చుట్టూ నడిచింది. ‘ఇక్కడ నిలవడితే ఈ చెట్లు, ఇటు దిక్కు వస్తే ఈ చెట్లు.’ నేను కూడా లేచి ఆమె వెనకాల కాగితం చుట్టూ తిరిగాను. ఏ వైపు నిలబడితే ఆ వైపుకు ఎదురుగా ఉన్న చెట్లు నిటారుగా ఉన్నాయి. ఏ చెట్టూ పడిపోలేదు. ఆమె చెరువు చుట్టూ నడిచి గీసింది, నేను ఒక్కచోట కుర్చీలో కూర్చుని చూశాను.

ఈజిప్టులో నెబామున్ అనే ఉద్యోగి సమాధి గోడ మీద తోటలోని కొలను బొమ్మ ఒకటి ఉంది. 3,300 ఏళ్లకు పైగా పాతది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కొలనును పైనుంచి చూసినట్టు దీర్ఘచతురస్రంగా గీసి, అందులో చేపలను, బాతులను పక్కనుంచి చూసినట్టు గీశారు. పక్క ఒడ్డున చెట్లు బయటి వైపుకు ఒరిగి ఉంటాయి. దాని ప్రింటు తీసి నాలుగో తరగతిలో పెట్టాను. ‘వీళ్లు గూడ మా లెక్కనే గీసిన్రు’ అన్నారు. ఆ మాటలో ఉన్న ధీమా నా ఎర్ర పెన్ను తీసేసుకున్నది.

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు కనిపించేది గీయరు, తెలిసింది గీస్తారు. నీళ్ల కింద చేప కనబడకపోయినా ఉందని తెలుసు కాబట్టి గీస్తారు. అమ్మ మోసే బతుకమ్మ అమ్మ కన్నా పెద్దగా ఉంటుంది, ఆ రోజు అదే పెద్దది కాబట్టి. ఒక్క చోట నిలబడి, ఒక్క కంటితో చూసినట్టు గీసే సూత్రాలను ఐరోపాలో 15వ శతాబ్దంలో, 1435 ప్రాంతంలో అల్బెర్టి లాంటివాళ్లు రాతలో పెట్టారు. అంతకు ముందు వేల ఏళ్లు మనుషులు వాటి అవసరం లేకుండానే గొప్ప బొమ్మలు వేశారు. దాన్ని మూడో తరగతి పిల్లల మీద రుద్దడం అన్యాయం.

మనకు ఈజిప్టు దాకా పోవాల్సిన పని కూడా లేదు. కథల పటాలకు పేరున్న చేర్యాల మనకు దగ్గర. అక్కడి చిత్రకారులు నకాశీలు గీసే పటాల్లో దూరమైన మనిషి చిన్నగా, దగ్గరి మనిషి పెద్దగా ఉండడు. కథలో ఎవరు ముఖ్యమో వాళ్లు పెద్దగా ఉంటారు. వెనక ఎర్రరంగు, కథ ఒక గడి తర్వాత ఒక గడిగా నడుస్తుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు పటం విప్పుతూ గడి గడికీ కథ చెబుతారు. మూడు నుంచి అయిదో తరగతి పిల్లల బొమ్మల వ్యాకరణం సరిగ్గా ఇదే. అందుకే ఆ మూడు తరగతులకు కలిపి ఒక చెరువు పటం పెట్టాం.

బట్టను తయారు చేయడం దగ్గర నా తొందరపాటుకు దెబ్బ తగిలింది. చేర్యాల పద్ధతిలో గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి బట్టకు పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా మూడు పూతలు. మేము ఆగస్టులో పెట్టుకున్నాం. వానకు మొదటి పూత ఆరకముందే రెండోది పూశాను, సుద్ద కూడా ఎక్కువైంది. చుట్ట చుట్టగానే మధ్యలో పెళ్లలు లేచాయి, చింతగింజల ముద్ద వాసన తరగతి గదిలో వారం పోలేదు. జనవరి ఎండలో పలుచని పూతలతో మళ్లీ చేస్తే నిలిచింది. రెండు గజాల బట్ట, ఆరు గడులు. వాన కోసం కప్పతల్లి ఆడటం, చెరువు నిండటం, మత్తడి దుంకటం, బతుకమ్మ, చేపలు పట్టటం, ఎండాకాలం నెర్రెలు. ఏ గడిలో ఏముండాలో మూడు రోజులు కొట్లాడుకుని పిల్లలే తేల్చారు.

చేపల గడి అయిదో తరగతి అమ్మాయి ఒకతి గీసింది. వాళ్ల బాపు చెరువులో చేపలు పడతాడు. నీళ్లను అడ్డంగా కోసినట్టు గీసి, అందులో వల మొత్తం విప్పి చూపించింది. వల అంచుకు కట్టే సీసం గుండ్లు, పైన తేలే బెండ్లు, రవ్వ ఏది, బొచ్చె ఏది అన్నీ విడివిడిగా గీసింది. బొచ్చె తల పెద్దగా ఉంటుందని నాకు ఆ బొమ్మ చూశాకే తట్టింది. ఈ అమ్మాయిని గుర్తు పెట్టుకోండి.

ఆరో తరగతిలో ఏమవుతుంది

2024 జూన్‌లో అదే అమ్మాయి ఆరుకు వచ్చింది. చెరువు గీయమంటే కాగితం మీద పేరు రాసి, రోల్ నంబరు రాసి, కింద గీత కొట్టి కూర్చుంది. ‘నాకు రాదు టీచర్.’

తరగతిలో దాదాపు మూడో వంతు మంది ఇదే మాట అన్నారు. కొందరు స్కేలు పెట్టి పాత కొండలు, సూర్యుడు గీశారు, అంటే దాక్కున్నారు. రెండు నెలల కిందట రెండు గజాల పటం మీద చేప చేపకూ పొలుసు గీసిన చేతులు ఇవే. నా మూడేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది, ఎక్కువ భయపడింది ఈ తరగతి గురించే. చాలామంది పెద్దవాళ్లు ‘నాకు బొమ్మలు రావు’ అనడం మొదలుపెట్టింది ఈ వయసులోనే. బొమ్మ పోయేది చేతిలోంచి కాదు. పదకొండేళ్ల పిల్లలకు తమ బొమ్మను బయటినుంచి చూసే కన్ను కొత్తగా వస్తుంది. ఆ కంటికి సరిపోయే పనితనం చేతికి ఇంకా రాలేదు. మధ్యలో ఉన్న ఆ సందులో సిగ్గు వచ్చి కూర్చుంటుంది.

ముందటేడు, 2023లో, ఆరో తరగతికి దీనికి మందుగా పర్‌స్పెక్టివ్, అంటే ఒక్క చోట నిలబడి చూసినట్టు గీసే పద్ధతి, నేర్పాను. స్కేలు, అడ్డగీత, మధ్యలో చుక్క, చుక్కలోకి పోయే రెండు గీతలు. నీటుగా నేర్చుకున్నారు. ఫిబ్రవరిలో చెరువు గీయమంటే సగం మంది రైలు పట్టాలు గీశారు. మా ఊరికి రైలు రాదు. సూత్రం పట్టుబడింది, చెరువు పోయింది.

ఈసారి పాఠం చెప్పే ముందు అడిగాను. ఖాళీ కాగితం ముందు కూర్చున్న ఆ అమ్మాయిని, ‘ఏది వస్తలేదు?’ అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం వెనక చిన్నగా ఒక గుండ్రటి చెరువు గీసి చూపించింది. ‘గిట్ల గీస్తే చెరువు నిలవడ్డది టీచర్. నీళ్లన్ని కిందికి కారిపోతయి. పండవెట్టుడు ఎట్ల?’

అంత స్పష్టమైన ప్రశ్న నన్ను ఇంతవరకు ఏ పెద్దవాళ్లూ అడగలేదు. నాలుగో తరగతిలో ఈ సమస్యే లేదు, అక్కడ కాగితమే నేల. ఆరో తరగతికి వచ్చేసరికి కాగితం కిటికీ అయింది. కిటికీలో గుండ్రటి చెరువు గోడకు తగిలించిన తల్లెలా (పళ్లెంలా) నిలబడుతుంది.

తల్లె అన్న మాట దగ్గరే దారి దొరికింది. మధ్యాహ్న భోజనం తల్లెలు తెప్పించాను, ఇద్దరికి ఒకటి. ఒకరు తల్లెను అడ్డంగా, నేలకు సమంగా, కంటికి సూటిగా పట్టుకోవాలి. ఎదుటివాళ్లు ఒక కన్ను మూసి చూడాలి. కంటి ఎత్తులో ఉన్నప్పుడు తల్లె ఒట్టి గీత. నెమ్మదిగా కిందికి దించితే సన్నటి కోడిగుడ్డు ఆకారం, నడుము దాకా వస్తే లావు కోడిగుడ్డు, కాళ్ల దగ్గర పెట్టి పైనుంచి చూస్తే గుండ్రం. ‘తల్లె మారలే, నేను చూసుడు మారింది’ అని ఒకడు అరిచాడు. ఆ పీరియడంతా బొమ్మ గీయలేదు, దించడం, ఎత్తడం, చూడటం. గదంతా తల్లెల చప్పుడు, పక్క తరగతి నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది.

తర్వాతి పీరియడులో స్పైరల్ బైండింగ్ పైన వేసే ట్రాన్స్‌పరెంట్ షీట్లు వాడాను. షీటును నిలువుగా ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసుకుని, వెనక ఉన్న తల్లె అంచు ఎక్కడ కనబడితే అక్కడ మార్కర్‌తో గీయాలి. తల కదిపితే గీత తప్పుతుంది, అందుకని గడ్డం బల్ల మీద ఆనించాలి. ఇలా గీస్తే కన్ను చూసిందీ చేయి గీసిందీ ఒకటే అవుతుంది. ‘రాదు’ అన్నవాళ్లకు ముందు ఇది కావాలి, తమ చేత్తో సరైన గీత ఒక్కటి పడటం. షీటు మీద గీసినదాన్ని కాగితం మీద పెట్టి దించమనలేదు, పక్కన పెట్టుకుని చూస్తూ మళ్లీ గీయమన్నాను.

ఇక్కడ రెండు తప్పులు అందరికీ వస్తాయి. ఒకటి, ఆ కోడిగుడ్డు ఆకారానికి రెండు చివర్లా మొనలు తేలుతాయి, నిమ్మకాయలాగో చేపలాగో అవుతుంది. తల్లె అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పమన్నాను. వేలికి మొన ఎక్కడా తగలదు. పెన్సిల్‌ను కాగితానికి తాకించకుండా గాలిలో నాలుగు చుట్లు తిప్పి, ఊపు తగ్గకుండా కాగితం మీద దించితే మొన పోతుంది. రెండోది, చెంబు గీసేటప్పుడు మూతి కోడిగుడ్డులా గీసి, అడుగును మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. బల్ల చదునుగా ఉంది కాబట్టి అడుగు చదునుగా ఉండాలని వాళ్ల బుద్ధి చెబుతుంది. నాలుగో తరగతి ‘తెలిసింది’ ఇంకా పోలేదన్న మాట. చెంబు అడుగు కంటికి మరీ కింద ఉంది కాబట్టి మూతి కన్నా కూడా ఎక్కువ వంగాలి. దీన్ని చెప్పి ఒప్పించలేం. తల్లెను దించి చూపించాల్సిందే.

నవంబరులో మళ్లీ చెరువు దగ్గరికి వచ్చాం. ఆ అమ్మాయి చెరువును పడుకోబెట్టింది. అవతలి ఒడ్డు సన్నటి గీత, ఇవతల కట్ట లావుగా, మధ్యలో నీళ్లు వెడల్పుగా. అవతలి తాళ్లు చిటికెనవేలంత, ఇవతలి తాడు కాగితం ఎత్తుకు. గీయడం అయ్యాక కింద మూలన, ఇవతలి నీళ్లలో, పెద్ద తలతో ఒక బొచ్చె చేపను గీసింది. పైనుంచి చూస్తే కనబడేది కాదు. నేనేమీ అనలేదు.

ఏడో తరగతికి ఇదే బాటలో ఇంకొంచెం ముందుకు పోయాం. ఏది దేన్ని కప్పుతుంది, దూరం పోతుంటే రంగు ఎందుకు వెలుస్తుంది, గుట్టలు పొద్దున నీలంగా, మధ్యాహ్నం బూడిదగా ఎందుకు కనిపిస్తాయి. వాళ్లకు ఇది పెద్దగా కష్టం కాలేదు. ఒక ఏడాది తేడాతో ప్రశ్న చల్లబడుతుంది.

ఎనిమిది, తొమ్మిది: కట్ట మీద

సంక్రాంతి దాటాక, నీళ్లు తగ్గాక తొమ్మిదో తరగతిని చెరువు దగ్గరికి తీసుకుపోయాను. ఇంటి నుంచి సంతకాలు, తోడు ఇద్దరు టీచర్లు, ఊళ్లో ఈత వచ్చిన ఒకతను. తూము వైపు ఎవరూ దిగొద్దు. అట్టకు కిటికీ కోసి ఇచ్చాను, దాంట్లోంచి చూసి గీయాలి. ముందు కట్ట మీద నిలబడి ఒకటి, తర్వాత కట్ట కింద నీళ్లకు దూరంగా బండ మీద కూర్చుని ఒకటి. మీది నుంచి చూస్తే చెరువు పరచిన దుప్పటిలా కనబడింది. కిందికి దిగి కూర్చుంటే అదే చెరువు ఒక వెండి తీగ అయింది. కంటి ఎత్తుతో పాటు అడ్డగీత ఎక్కుతుంది, దిగుతుంది. పర్‌స్పెక్టివ్ అన్న మాట నేను బోర్డు మీద రాసింది ఆ మరుసటి వారం, వాళ్లు చూసేశాక. ఈసారి రైలు పట్టాలు గీసినవాళ్లు లేరు.

డిసెంబరులో రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్లి వచ్చాం. 1213 నాటి రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంది కదా, ఒక్కొక్కరు ఒక ఏనుగును ఎంచుకుని పది నిమిషాల్లో గీయాలన్నాను. ‘ఫొటో తీస్కుంటే అయిపాయె’ అన్నవాళ్లు కూడా కూర్చున్నాక లేవలేదు. ఎర్రని ఇసుకరాతి గోడ మీద, నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మీద వెలుగు ఎలా వేరుగా పడుతుందో షేడింగు పాఠంగా చెప్పాలని వెళ్లాను. పిల్లలు మాత్రం ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక దగ్గర ఆగిపోయారు. సమయం అక్కడే అయిపోయింది. గుడి పక్కనే రామప్ప చెరువు. బస్సు ఎక్కే ముందు కట్ట మీద నిలబడి అందరూ ఒక కన్ను మూసుకున్నారు, నేను చెప్పకుండానే.

ఎనిమిదో తరగతి గురించి గొప్పగా చెప్పలేను. మగపిల్లల్లో చాలామందికి బొమ్మ చిన్నపిల్లల పని అయిపోయింది. వాళ్లలో కొందరికి వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాల నమూనాలు పనికొచ్చాయి. గ్రాఫ్ పేపరు మీద ఒక్కో గడికి ఒక రంగు వేసి నమూనా కట్టాలి. గీత వంకర అన్న భయం అందులో లేదు. లెక్క సరిపోతే డిజైన్ కుదురుతుంది, లెక్క తప్పితే అంచు దగ్గర తేలిపోతుంది. చెరువు అలలను మెట్లు మెట్లుగా మార్చి ఒకడు చేసిన నమూనా నాకు చాలా నచ్చింది. కానీ మిగతా సగం మందిని నేను అందుకోలేకపోయాను. ఫిబ్రవరిలో సిలబస్ పేరుతో నా పీరియడ్లు కొన్ని పోయాయి, అది ఒక కారణం. అసలు కారణం వాళ్లు ఆరో తరగతిలో ఉన్నప్పుడు నేను తల్లెలు తీయకపోవడమే అనుకుంటున్నాను. 2022లో వాళ్లే ఆరో తరగతి. వాళ్లకు నేను కొండలు, సూర్యుడు ఇచ్చాను.

మార్కుల సంగతి

గ్రేడు వేయక తప్పదు కాబట్టి వేశాను. దానికోసం పిల్లలను పక్కవాళ్లతో పోల్చలేదు. ఒక్కొక్కరి జూన్, అక్టోబరు, ఫిబ్రవరి చెరువులు మూడూ పక్కపక్కన పెట్టి, మూడోదాంట్లో మొదటిదాంట్లో లేని చూపు ఏదైనా ఉందా అని చూశాను. ‘బాగుంది’ అన్న మాట రాయడం మానేశాను. ‘మైసమ్మ గుడి పక్కన వేపచెట్టును గుర్తుపెట్టుకున్నావు’, ‘అవతలి ఒడ్డును సన్నగా చేశావు’, ఇలా చూసిందే రాశాను. మూడు వందల కాగితాలకు ఇది పెద్ద పనే. నెల పట్టింది.

ఏప్రిల్‌లో తల్లిదండ్రుల మీటింగు రోజు ఒకటో తరగతి నుంచి తొమ్మిది దాకా వరండా పొడుగునా చెరువులు కట్టాం. మూడో తరగతి దగ్గర ఇద్దరు ముగ్గురు ‘చెట్లు పడిపోయినయేంది టీచర్’ అని నవ్వారు. అక్కడే తాళ్లెక్కే ఒకాయన ఆగాడు. మనవడి బొమ్మ. వేలు పెట్టి చెట్లు లెక్కపెట్టాడు. కట్ట దిక్కు మూడు, శిఖం దిక్కు రెండు, మత్తడి కాడ మూడు. ‘ఎనిమిది సరిగ్గున్నయి. ఇవి మా చెట్లే’ అన్నాడు. నేను ఆ చెట్లను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఈ జూన్ నుంచి ఆరో తరగతికి చెరువు గీయమని మొదటి వారంలో అడగను. ముందు తల్లెలు, షీట్లు, చెంబులు. ‘రాదు’ అన్న మాట నోట్లోంచి వచ్చేలోగా ఒక సరైన గీత వాళ్ల చేతిలో ఉండాలి. ఎనిమిదికి ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. మట్టితో మొదలుపెడదామని ఉంది. చెరువును నమూనాగా, తూము తెరిస్తే నీళ్లు పారేట్టు, నలుగురికి ఒకటి. రెండు బస్తాల నల్లమట్టికి ఇప్పటికే చెప్పి ఉంచాను.